ఐర్లండ్ వసంతకాలం, హీట్‌వేవ్: మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

జనవరి ఇంటేక్‌లో ఇక్కడి కాలేజీల్లో చేరే మన పిల్లలు వచ్చి నెల తిరిగేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఎండ కాస్తోంది కదా, జాకెట్ వేసుకోవాలా?" అని. మే నెల వచ్చేసరికి ప్రశ్న మారుతుంది: "25 డిగ్రీలకే హీట్‌వేవ్ అంటున్నారేంటి?" పదకొండేళ్లుగా డబ్లిన్‌లో ఉంటూ ఈ రెండు ప్రశ్నలకూ, వాటి మధ్యలో వచ్చే అనుమానాలకూ చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు. మీకు ఏ నెల నడుస్తుంటే అక్కడికి వెళ్లండి.

## రాకముందు

ఐర్లండ్‌లో స్ప్రింగ్ ఎప్పుడు మొదలవుతుంది? కొందరు ఫిబ్రవరి అంటారు, కొందరు మార్చి అంటారు.

రెండూ వాడుకలో ఉన్నాయి. ఐరిష్ సంప్రదాయంలో ఫిబ్రవరి 1, సెయింట్ బ్రిజిడ్ పండగ రోజు, వసంతానికి తొలిరోజు. 2023 నుంచి ఆ పండగకి బ్యాంక్ హాలిడే కూడా ఇస్తున్నారు. వాతావరణ శాఖ మెట్ ఏరన్ మాత్రం మార్చి, ఏప్రిల్, మే నెలల్ని వసంతంగా లెక్కగడుతుంది. ఒంటికి తెలిసే వసంతం వేరు. డబ్లిన్ ఎయిర్‌పోర్ట్ దగ్గర పగటి గరిష్ఠం సగటున మార్చిలో 10, ఏప్రిల్‌లో 12, మేలో 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన దగ్గర పుష్యమాసపు తెల్లవారుజామున ఉండే చలి ఇక్కడ ఏప్రిల్ మధ్యాహ్నం ఉంటుందన్నమాట.

మన దగ్గర శివరాత్రికి చలి "శివశివా" అంటూ పోతుంది. అక్కడ ఎప్పుడు పోతుంది?

ఫలానా రోజుతో పోయింది అని చెప్పే వీల్లేదు. మార్చి మొదట్లో నాలుగు రోజులు హాయిగా ఉండి, ఏప్రిల్ మూడో వారంలో చేతులు కొంకర్లు పోయే చలి మళ్లీ రావచ్చు. ఊళ్లలో, పల్లపు పొలాల్లో మే నెల తెల్లవారుజామున కూడా గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. నన్నడిగితే మే నెలాఖరు దాకా మందపాటి జాకెట్‌ని అటక మీదకు ఎక్కించొద్దు.

ఏప్రిల్‌లో దిగుతున్నాను. లగేజీలో ఏం పెట్టుకోవాలి?

బరువైన స్వెటర్ ఒకటి కాకుండా పల్చటివి మూడు తెచ్చుకోండి. లోపల కాటన్ టీషర్ట్, దాని మీద పల్చటి స్వెటరో ఫ్లీసో, పైన గాలినీ వాననీ ఆపే జాకెట్. రోజులో ఐదారుసార్లు ఒకటి తీసి ఒకటి వేయాల్సి వస్తుంది కాబట్టి ఈ పద్ధతే సుఖం.

జాకెట్ విషయంలో మాత్రం తొందరపడొద్దు. "వాటర్ రెసిస్టెంట్" అని రాసి ఉన్నది పది నిమిషాల తుంపరకు పనికొస్తుంది, అరగంట వానకి భుజాల దగ్గర కుట్లలోంచి నీళ్లు దిగుతాయి. "వాటర్‌ప్రూఫ్" అని ఉండాలి. లోపలి వైపు తిప్పి చూడండి, కుట్ల మీద టేప్ అంటించి ఉంటే అది నిజంగా వాన కోసం కుట్టింది. బూట్లు కూడా అంతే. గుడ్డ బూట్లు ఒక్క రోజులో తడిస్తే ఆరడానికి రెండు రోజులు పడుతుంది. థర్మల్స్ ఇక్కడే చౌకగా దొరుకుతాయి, ఇండియా నుంచి మోసుకురావక్కర్లేదు.

వాన ఎక్కువ అంటారు. హైదరాబాద్ కంటే ఎక్కువా?

ఇది వినగానే చాలామంది నమ్మరు. డబ్లిన్‌లో ఏడాదికి కురిసేది సుమారు 750 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో 800 దాకా ఉంటుంది. అంటే మొత్తం నీళ్ల లెక్కలో డబ్లినే కాస్త వెనక. తేడా అంతా కురిసే తీరులో ఉంది. హైదరాబాద్ వాన ఎక్కువభాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపు, కొన్ని గంటల్లో కుమ్మరించి పోతుంది. ఐర్లండ్ వాన ఏడాది పొడుగునా పంచుకుని, గంటకు ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున తీరిగ్గా కురుస్తుంది. కనీసం ఒక మిల్లీమీటరు పడే రోజులు తూర్పున ఏడాదికి 150 దాకా, పడమటి తీరంలో 225 దాకా ఉంటాయి. గాల్వే, కెర్రీ వైపు వెళ్లేవాళ్లు ఈ రెండో అంకె గుర్తుపెట్టుకోండి. ఒక మంచి మాట: దేశంలో చాలాచోట్ల ఏప్రిలే ఏడాదిలో అన్నిటికంటే పొడి నెల.

## మార్చి, ఏప్రిల్: గంటకో రంగు

పొద్దున ఎండ, పదకొండుకి వడగళ్లు, పన్నెండుకి మళ్లీ ఎండ. ఎందుకిలా?

ఐర్లండ్‌కి పడమరన అట్లాంటిక్ మహాసముద్రం తప్ప ఇంకేమీ లేదు. ఉత్తరం నుంచి వచ్చే చల్లగాలి, దక్షిణం నుంచి వచ్చే వెచ్చగాలి కలబడే సరిహద్దు సరిగ్గా ఈ దీవి చుట్టుపక్కలే పైకీ కిందకీ కదులుతుంటుంది. ఆ సరిహద్దు మీద ఆకాశంలో చాలా ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి ప్రవాహం ఉంటుంది. అల్పపీడనాలు దాని దారి పట్టుకుని ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒకటి దాటిపోగానే గాలి దిక్కు మారుతుంది, దానితో పాటే మబ్బూ, చలీ, వెలుతురూ మారతాయి.

ఇది ఏడాదంతా ఉండేదే. వసంతంలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. మార్చి, ఏప్రిల్ నాటికి సూర్యుడు బాగా పైకొస్తాడు, నేల త్వరగా వేడెక్కుతుంది. ఉత్తర ధ్రువం వైపు నుంచి వచ్చే గాలి మాత్రం ఇంకా శీతాకాలపు గాలే. కింద వెచ్చటి నేల, పైన గడ్డకట్టే గాలి. దాంతో నేల మీది గాలి బుడగల్లా పైకి లేచి మబ్బు కట్టి, అరగంటలో కురిసి, తేలిపోతుంది. పైన బాగా చల్లగా ఉంటే వడగళ్లు పడతాయి.

ఓ ఏప్రిల్ ఆదివారం ఫీనిక్స్ పార్క్‌లో మనవాళ్లు క్రికెట్ ఆడుతుంటే చూశాను. నీలాకాశం, అందరూ స్వెటర్లు విప్పి బౌండరీ దగ్గర పడేశారు. పడమర నుంచి ఒక్క మబ్బు, అడుగున మసి పూసినట్టున్నది, వచ్చింది. ఐదు నిమిషాల్లో పిచ్ మీద సగ్గుబియ్యం పోసినట్టు వడగళ్లు. చెట్టు కిందకు చేరి స్వెటర్లు దులుపుకునేలోపే ఎండ వచ్చేసింది, పక్కన తారు దారి మీంచి ఆవిరి లేస్తోంది. పావుగంటలో ఆట మళ్లీ మొదలైంది. ఇక్కడ వసంతమంటే నాకు గుర్తొచ్చేది ఆ పావుగంటే.

ఎండ బాగానే ఉంది కానీ వణుకు పుడుతోంది. డబ్లిన్‌లో 9, గాల్వేలో 17 చూపిస్తోంది. యాప్ తప్పా?

యాప్ సరిగ్గానే చెప్పింది. గాలి తూర్పు నుంచి వీస్తోంది. వసంతంలో ఐరిష్ సముద్రం నీళ్లు ఏడాదిలోకెల్లా చల్లగా, 8, 9 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆ నీళ్ల మీంచి వచ్చే గాలి డబ్లిన్, విక్లో తీరాన్ని చల్లబరుస్తుంది. అదే గాలి ఎండలో కాగిన నేల మీదుగా దేశమంతా దాటి పడమటికి చేరేసరికి వెచ్చబడుతుంది. తూర్పుగాలి రోజుల్లో షికారు వెళ్లాలంటే తూర్పు తీరంలోని బ్రే, హౌత్ వైపు కాకుండా లోపలికో, పడమటికో వెళ్లండి. గాలి నైరుతి నుంచి ఉంటే లెక్క తలకిందులు: పడమట ముసురు పడుతుంటుంది, డబ్లిన్ పొడిగా ఉంటుంది.

ఫోర్‌కాస్ట్‌లో శనివారం అంతా వాన బొమ్మే ఉంది. ప్లాన్ క్యాన్సిల్ చేయమంటారా?

బొమ్మ చూసి క్యాన్సిల్ చేయకండి, కింద రాసిన మాటలు చదవండి. "రెయిన్" అని ఉంటే అల్పపీడనం తెచ్చే ముసురు, గంటల తరబడి ఉంటుంది. "షవర్స్" అని ఉంటే జల్లులు, వచ్చి పోతాయి, మధ్యలో ఎండ ఉంటుంది. "సన్నీ స్పెల్స్ అండ్ స్కాటర్డ్ షవర్స్" అంటే పక్క వీధిలో వాన పడి మీ వీధిలో పడకపోవచ్చు. ఆ రోజు నిశ్చింతగా బయల్దేరొచ్చు. "రెయిన్ క్లియరింగ్ ఈస్ట్‌వర్డ్స్" అని ఉంటే పడమట ముందు తెరిపి ఇస్తుంది, డబ్లిన్‌కి ఆఖర్న.

బయల్దేరే ముందు మెట్ ఏరన్ వాళ్ల రెయిన్ రాడార్ చూడటం అలవాటు చేసుకోండి. మబ్బులు ఎటు కదులుతున్నాయో కళ్లకు కనిపిస్తుంది, వచ్చే గంట గురించి అంతకంటే నమ్మకంగా చెప్పేది లేదు. ఐదు రోజుల తర్వాత సంగతి మాత్రం ఎవరు చెప్పినా సుమారుగానే తీసుకోండి.

గొడుగు కొనాలా?

డబ్లిన్ నడిబొడ్డున, గాలి లేని రోజున పనికొస్తుంది. మిగతా రోజుల్లో గాలికి తిరగబడి ఊచలు విరుగుతాయి. ఆ డబ్బు జాకెట్ టోపీ మీద పెట్టండి.

బట్టలు ఆరడం లేదు, గదిలో ఆరేస్తే గోడ నల్లబడుతోంది. ఏం చేయాలి?

ఆ నలుపు బూజు. తడి బట్టల నీరంతా ఆవిరై, చల్లటి గోడలకూ కిటికీ అద్దాలకూ పట్టడం వల్ల వస్తుంది. ఇంటి ఓనర్‌తో గొడవకీ, డిపాజిట్ కోతకీ చాలాసార్లు ఇదే మూలం. గదిలో ఆరేయక తప్పకపోతే కిటికీ కాస్త తెరిచి, తలుపు మూసి ఆరేయండి. తర్వాత అద్దం మీది నీటిని గుడ్డతో తుడవండి.

వెనక పెరడు ఉంటే మీ అదృష్టం. గాలి బాగా ఉన్న వసంతపు పొద్దున ఐరిష్ వాళ్లు "గ్రేట్ డ్రైయింగ్ టుడే" అనుకుంటారు. మా పక్కింటావిడ ఆ మాట అన్న రోజున నేను చేస్తున్న పని ఆపి మరీ వాషింగ్ మెషీన్ వేస్తాను. ఇక్కడ బట్టల్ని ఆరబెట్టేది ఎండ కంటే గాలే. 11 డిగ్రీలే అయినా గాలి ఉంటే దుప్పటి రెండు గంటల్లో ఆరుతుంది. క్లిప్పులు మాత్రం గట్టివి కొనండి.

మార్చి, ఏప్రిల్‌లో మంచు, తుఫాన్లు కూడా వస్తాయా?

వస్తాయి, తరచుగా కాదు. 2018 ఫిబ్రవరి ఆఖర్న తూర్పు నుంచి వచ్చిన చలిగాలికి స్టార్మ్ ఎమ్మా తోడై, మార్చి మొదటి రోజుల్లో దేశం స్తంభించిపోయింది. రెడ్ వార్నింగ్ ఇచ్చారు, బస్సులు ఆగాయి, షాపుల్లో బ్రెడ్ అయిపోయింది. 2024 ఏప్రిల్ 6న స్టార్మ్ క్యాథలీన్ వచ్చింది. వాతావరణ శాఖ వార్నింగులకి మూడు రంగులు: యెల్లో అంటే జాగ్రత్త, ఆరెంజ్ అంటే ప్రయాణాలు మానుకోవడం మంచిది, రెడ్ అంటే ఇంట్లోంచి కదలొద్దు. రెడ్ ఉన్నప్పుడు పార్ట్‌టైమ్ షిఫ్ట్ పోతుందని బయల్దేరకండి. మేనేజర్‌కి మెసేజ్ పెట్టండి. ఆ రోజు ఇక్కడ ఎవరూ తప్పుపట్టరు.

పెద్దవాళ్లు ఏప్రిల్ మొదట్లో "బారోడ్ డేస్" అంటుంటారు. ఏమిటది?

అరువు తెచ్చుకున్న రోజులు అని. ఐరిష్ భాషలో లేహంతా నా రీవీ, అంటే చారల ఆవు రోజులు. కథ ఇది: మార్చి నెల అయిపోవస్తుంటే ఒక ముసలి చారల ఆవు "ఇక నన్ను మార్చి ఏం చేయగలదు, గట్టెక్కేశాను" అని విర్రవీగిందట. మార్చికి కోపమొచ్చి, ఏప్రిల్‌ని మూడు రోజులు అరువడిగి, ఆ మూడు రోజులూ చలీ గాలీ విసిరికొట్టి ఆవు ప్రాణం తీసిందట. ఏప్రిల్ ఆఖరు, మే మొదట్లో వచ్చే ఇంకో చలి విడతకి కోకిల పేరు మీద స్కారవీన్ అనే పేరుంది, ముఖ్యంగా పడమటి ఊళ్లలో. మనకి కార్తెలు ఉన్నట్టే, ఇక్కడి రైతులకి ఇవి గుర్తులు. మేతకి పశువుల్ని ఎప్పుడు వదలాలో తేల్చుకోవాల్సిన చోట పుట్టిన కథలు కాబట్టి వాటిలో అనుభవం ఉంది.

గోంగూర, మిరప, కొత్తిమీర విత్తనాలు ఎప్పుడు వేయొచ్చు?

కొత్తిమీర, మెంతికూర ఏప్రిల్‌లో కుండీల్లో వేస్తే వస్తాయి. మిరప, టమాటా నారు మార్చిలో ఇంట్లో కిటికీ దగ్గర పోసుకుని, మే ఆఖర్న బయటికి తెండి. గోంగూర వెచ్చదనం కోరే మొక్క. నేను ఒక ఏడు ఏప్రిల్ ఎండ చూసి నలభై మొక్కలు పెరట్లో నాటాను. నాలుగో రాత్రి మంచుకి ఆకులన్నీ ఉడికించినట్టు నల్లబడి వాలిపోయాయి. అప్పట్నుంచి జూన్‌లోనే, అదీ గ్లాస్‌హౌస్‌లో పెడుతున్నాను. ఆగస్టులో పప్పులోకి సరిపడా కోస్తున్నాను.

గడియారం మారుస్తారట. ఇండియాకి ఫోన్ చేసే టైమ్ ఎలా?

మార్చి ఆఖరి ఆదివారం తెల్లవారుజామున 1 గంటని 2 చేస్తారు. అప్పటిదాకా ఇండియా మనకంటే ఐదున్నర గంటలు ముందు, ఆ తర్వాత నాలుగున్నర. ఆ వారం నుంచి సాయంత్రాలు పొడుగవుతాయి. మే ఆఖరుకి రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. పిల్లల్ని పడుకోబెట్టాలంటే మందపాటి కర్టెన్లు కావాల్సిందే.

## మే: ఎండ వచ్చాక

చల్లగానే ఉంది కదా, మన చర్మానికి సన్‌స్క్రీన్ అవసరమా?

చర్మాన్ని కమిలించేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. 14 డిగ్రీల మే మధ్యాహ్నం కూడా యూవీ సూచిక 5, 6 దాకా వెళ్తుంది. 3 దాటితే జాగ్రత్త పడమంటారు. చల్లగాలి వల్ల చురుకు తెలియదు, సాయంత్రానికి మెడ మండుతుంది. మన రంగుకి కొంత రక్షణ ఉన్నా, నాలుగైదు గంటలు బయట ఉంటే రాసుకోండి. అదే రంగు వల్ల ఇంకో సంగతి: చలికాలమంతా ఎండ సరిగ్గా తగలక మనవాళ్లలో విటమిన్ డి తక్కువగా ఉంటుంది. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లు ఏడాదంతా విటమిన్ డి తీసుకోవాలని ఇక్కడ సలహా ఇస్తారు. ఎంత మోతాదో జీపీనో (మీ ఫ్యామిలీ డాక్టర్), ఫార్మసీలోనో అడగండి.

ఇండియాలో ఎప్పుడూ లేదు, ఇక్కడ మేలో ఒకటే తుమ్ములు, కళ్లు దురద. జలుబేనా?

జ్వరం లేకుండా, బయటికెళ్తే ఎక్కువవుతుంటే అది బహుశా హే ఫీవర్, అంటే పుప్పొడి పడకపోవడం. ఏప్రిల్, మేలో బర్చ్ చెట్ల పుప్పొడి, మే ఆఖరు నుంచి గడ్డి పుప్పొడి. వచ్చిన మొదటి ఏడాది ఏమీ లేక రెండో, మూడో ఏడాది మొదలైనవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఫార్మసీలో మాత్రలు దొరుకుతాయి. ఆయాసం, పిల్లికూతలు ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకోవాలి.

ఎండగా ఉంది, ఫ్రెండ్స్ అందరం బీచ్‌కి వెళ్తున్నాం. సముద్రంలో దిగొచ్చా?

ఇది మాత్రం దయచేసి శ్రద్ధగా చదవండి. గాలి 22 డిగ్రీలున్నా మే నెలలో నీళ్లు 11, 12 దగ్గరే ఉంటాయి. ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగదన్నుతుంది. ఆపుకోలేని ఆ మొదటి పీల్పులో నీళ్లు మింగేస్తారు. దీన్ని కోల్డ్ వాటర్ షాక్ అంటారు. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా ఇలాగే పోతారు. చెరువుల్లో, కాలువల్లో ఈదిన అనుభవం ఇక్కడ సరిపోదు.

అధికారిక స్నానాల సీజన్ జూన్ 1న మొదలై సెప్టెంబర్ 15న ముగుస్తుంది. మేలో లైఫ్‌గార్డులు ఉంటారని అనుకోవద్దు. సరస్సులు, క్వారీలు ఇంకా ప్రమాదం, పైన వెచ్చగా అనిపించి రెండడుగుల కింద గడ్డకట్టేలా ఉంటాయి. పాదాలు తడుపుకుని, ఒడ్డున కూర్చుని ఐస్‌క్రీమ్ తినండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే దూకకండి. తేలే వస్తువు ఏదైనా విసిరి, 112కో 999కో ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి.

"లీవింగ్ సర్ట్ వెదర్" అంటే?

లీవింగ్ సర్ట్ అంటే ఇక్కడి ఇంటర్ పరీక్షలాంటిది, జూన్ మొదట్లో మొదలవుతుంది. పిల్లలు హాల్లో కూర్చోగానే బయట ఎండ విరగకాస్తుందని జనం నమ్మకం. మన రోహిణి కార్తె కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. అక్కడ రోళ్లు పగిలే ఎండలు, ఇక్కడ గడ్డి మీద దుప్పటి పరుచుకునే ఎండలు. మే, జూన్ నిజంగానే ఇక్కడ ఎక్కువ ఎండ కాసే నెలలు, రోజుకి సగటున ఐదు నుంచి ఆరున్నర గంటలు.

## హీట్‌వేవ్ లెక్క

ఐర్లండ్‌లో ఎన్ని డిగ్రీలు దాటితే హీట్‌వేవ్?

మెట్ ఏరన్ లెక్క ప్రకారం ఒకే వాతావరణ కేంద్రంలో, వరుసగా ఐదు రోజులు, నీడలో కొలిచిన గరిష్ఠ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటాలి. మూడు షరతులూ కలవాలి. నాలుగు రోజులు 27 ఉండి ఐదో రోజు 24.8కి తగ్గితే అది హీట్‌వేవ్ కాదు. ఈ రోజు కార్క్‌లో, రేపు షానన్‌లో దాటినా కలిపి లెక్కపెట్టరు. పేపర్లలో "మినీ హీట్‌వేవ్ వచ్చేస్తోంది" అని రాసేది చాలాసార్లు మూడు రోజుల మంచి ఎండ గురించే.

25 కూడా వేడేనా? మా రెంటచింతలలో 46 చూశాం.

ఈ మాటని ఐరిష్ కొలీగ్స్ ముందు నవ్వుతూ అనేవాళ్లని చూశాను. కాస్త ఆలోచించమంటాను. వడగాలి అనేది ఒక అంకె కాదు. ఆ ఊరు, ఆ ఇళ్లు, అక్కడి ఒళ్లు దేనికి అలవాటు పడ్డాయో, దానికి ఎంత పైకి వెళ్లిందన్నది లెక్క. మన వాతావరణ శాఖ కూడా అలాగే చూస్తుంది. మైదానాల్లో కనీసం 40, తీరంలో 37, కొండ ప్రాంతాల్లో 30 ఉండి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే వడగాలి అంటుంది. 45 తాకితే ఆ పోలిక లేకుండానే ప్రకటిస్తుంది. అంటే అనంతగిరిలో 32కి ఉన్న అర్థం రామగుండంలో 32కి లేదు.

ఐర్లండ్‌లో జూలై గరిష్ఠమే సగటున 18 నుంచి 20. ఇళ్లు వేడిని లోపల దాచుకునేలా కట్టినవి. సీలింగ్ ఫ్యాన్ ఉండదు, ఏసీ ఉండదు, కిటికీ సగమే తెరుచుకుంటుంది. పొద్దు పదహారు గంటలకు పైగా ఉంటుంది. 2018 వేసవిలో రోడ్ల మీద తారు కరిగి, కౌన్సిల్ వాళ్లు దాని మీద సన్న కంకర చల్లాల్సి వచ్చింది. మూడేళ్లు ఇక్కడ ఉండి చూడండి, పగలు 27 డిగ్రీలు కాస్తే ఆ రాత్రి మేడమీద గదిలో మీకూ నిద్ర పట్టదు.

మా కార్‌లో 30 చూపించింది, రిపోర్ట్‌లో 25 అన్నారు. ఏది నిజం?

రిపోర్ట్. అధికారిక థర్మామీటర్ గడ్డి నేల మీద, మనిషి ఛాతీ ఎత్తు దగ్గర, గాలి ఆడేలా పలకలున్న తెల్లపెట్టెలో నీడన ఉంటుంది. కార్ సెన్సార్‌కి తారు రోడ్డు వేడీ, ఇంజిన్ సెగా తగులుతాయి.

బెల్‌ఫాస్ట్‌లో హీట్‌వేవ్ అన్నారు, మాకు అంతే ఎండ ఉన్నా అనలేదు. ఎందుకు?

దీవి ఒకటే, వాతావరణ శాఖలు రెండు. నార్తర్న్ ఐర్లండ్‌ని బ్రిటన్ మెట్ ఆఫీస్ చూస్తుంది. వాళ్ల లెక్కలో అక్కడ వరుసగా మూడు రోజులు 25 తాకితే చాలు. లండన్ చుట్టుపక్కల అయితే 28 కావాలి. అందుకే సరిహద్దుకి అటు న్యూరీలో మూడో రోజుకే హీట్‌వేవ్ అయితే, ఇరవై కిలోమీటర్ల ఇవతల డండాక్‌లో ఇంకో రెండు రోజులు ఆగాలి.

వసంతంలో ఎప్పుడైనా 25 దాటిందా?

దాటింది. 2025 ఏప్రిల్ 30న గాల్వే దగ్గర ఆథెన్‌రైలో 25.9 నమోదై, 1984లో డోనెగల్ గ్లెంటీస్‌లో వచ్చిన 25.8ని దాటేసింది. ఆ 2025 వసంతమే రికార్డుల్లోకెల్లా వెచ్చనిది, ఎక్కువ ఎండ కాసినది. 1997 మే 31న కెర్రీలోని ఆర్డ్‌ఫర్ట్‌లో 28.4 వచ్చింది. మార్చిలో చూస్తే 1965లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ దగ్గర 23.6. ఇవి విడి రోజులు. వరుసగా ఐదు రోజులు 25 దాటడం వసంతంలో చాలా అరుదు, ఆ లెక్క మామూలుగా జూన్ ఆఖరు నుంచి ఆగస్టు లోపు తేలుతుంది.

మొత్తం మీద ఐర్లండ్ అత్యధిక ఉష్ణోగ్రత ఎంత?

1887 జూన్ 26న కిల్కెన్నీ క్యాజిల్‌లో 33.3. ఆ కాలపు కొలత మీద కొందరు పరిశోధకులకు అనుమానాలున్నాయి. ఈ మధ్య కాలంలో 2022 జూలై 18న ఫీనిక్స్ పార్క్‌లో 33.0 వచ్చింది.

వానలు లేకపోతే కరువు అని కూడా అంటారా, ఇంత పచ్చగా ఉండే దేశంలో?

అంటారు. వరుసగా 15 రోజులు, ఏ రోజూ 0.2 మిల్లీమీటర్లు కూడా పడకపోతే పాత లెక్కలో "అబ్సల్యూట్ డ్రాట్". 2018లోనూ, 2020 వసంతం తర్వాతా తోటలకు పైపుతో నీళ్లు పట్టడం, కార్లు కడగడం నిషేధించారు.

## వేడి ముదిరితే

రాత్రి గది ఉడికిపోతోంది. ఏసీ లేదు, ఫ్యాన్ లేదు. ఎలా పడుకోవాలి?

అమ్మమ్మల కాలం పద్ధతే ఇక్కడ పనిచేస్తుంది. మన ఇళ్లలో పది గంటలకే తలుపులు వేసి, వట్టివేళ్ల తడికలు దించి, పొద్దుగూకాక తీసేవాళ్లు. ఇక్కడా ఎండ పడే వైపు కిటికీలు, కర్టెన్లు పగలు మూసేయండి. రాత్రి తొమ్మిది దాటాక ఇంటికి రెండు వైపులా తెరిచి గాలి ఆడనివ్వండి. చాలామంది ఎండ వచ్చింది కదా అని పగలు తెరిచి, రాత్రి మూస్తారు, దాంతో గది పొయ్యిలా అవుతుంది. టేబుల్ ఫ్యాన్ మే నెలలోనే కొనిపెట్టుకోండి, వేడి మొదలయ్యాక షాపుల్లో దొరకదు. రాత్రంతా 20కి తగ్గకపోతే "ట్రాపికల్ నైట్" అంటారు. 2021 జూలైలో కెర్రీలోని వాలెన్షియాలో అలాంటి రాత్రులు వచ్చాయి.

జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు. వాళ్లకి ఈ వేడి లెక్కే కాదు కదా?

వాళ్లని ముందు ఇబ్బంది పెట్టేది చలే. మే, జూన్‌లో కూడా సాయంత్రం గాలికి శాలువా, సాక్సులు, మంకీ క్యాప్ ఉండాలి. వేడి వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు వాడేవాళ్లకి గాలాడని మేడ గది కష్టం. పగలు కింది గదిలో ఉంచండి, మజ్జిగ ఇస్తూ ఉండండి. తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. వెంటనే 112కి ఫోన్ చేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండండి.

పక్కింట్లో ముసలావిడ ఒక్కతే ఉంటుంది. వెళ్లి పలకరిస్తే తప్పనుకుంటారా?

తప్పనుకోరు, సంతోషిస్తారు. ఇక్కడ ఇద్దరు మనుషుల మధ్య మాట మొదలయ్యేదే వాతావరణంతో. "వెరీ వార్మ్ టుడే, ఆర్ యూ ఆల్ రైట్?" అంటే చాలు. 2022 జూలైలో నేను ఒక సీసా చల్లటి నిమ్మరసం పట్టుకుని మా పక్కింటి తలుపు కొట్టాను. ఆవిడ చలికాలపు కార్డిగన్‌తోనే, కిటికీలన్నీ వేసుకుని కూర్చుని ఉంది. కిటికీలు తెరిచి, టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టి వచ్చాను. వారం తర్వాత చల్లబడింది. ఆవిడే మా తలుపు కొట్టి, ఫ్యాన్ తిరిగిచ్చి, "గ్రేట్ డ్రైయింగ్ టుడే" అని చెప్పి వెళ్లింది.